ఆర్వీ పార్కులో ఏడాదిన్నర కాపురం: వెళ్లవచ్చా?

ప్రశ్న: అక్కా, నేను హెచ్1బి ఉద్యోగ వీసా మీద డాలస్‌లో ఉంటున్నాను. పశ్చిమ టెక్సస్‌లో ఒక సోలార్ ప్రాజెక్టు దగ్గరకు ఏడాదిన్నర పాటు వెళ్లమని మా కంపెనీ అంటోంది. ఆ చిన్న ఊళ్లో అద్దెకు ఇళ్లు లేవు. సైట్‌లో పనిచేసేవాళ్లు చాలామంది ఊరి బయట ఆర్వీ పార్కులో, అంటే చక్రాల ఇళ్లకు జాగా అద్దెకిచ్చే చోట, ట్రైలర్లు పెట్టుకుని ఉంటున్నారట. నేను కూడా ఒకటి కొని, భార్యనీ ఐదేళ్ల పాపనీ తీసుకెళ్దామనుకుంటున్నాను. మా మామగారు మాత్రం "అమెరికా పంపింది బండిలో కాపురం చెయ్యడానికా" అని ఒకటే గోల. నిజంగా డబ్బు మిగులుతుందా? అడ్రస్, బడి, వంట, ఇవన్నీ ఎలా?

జవాబు: మీ మామగారి కోపం గురించి తర్వాత మాట్లాడుకుందాం. ట్రైలర్ల ఫొటోలు చూడటం కూడా కాసేపు ఆపి, ముందు మీ ఎల్‌సీఏ, అంటే మీ హెచ్1బి కోసం కంపెనీ లేబర్ శాఖకు పెట్టిన దరఖాస్తు కాగితం, తీయండి. అందులో పనిచేసే చోటు డాలస్ అని ఉంటే, పశ్చిమ టెక్సస్ దాని కిందకు రాదు. పని చోటు వేరే మెట్రో ప్రాంతానికి మారితే కొత్త ఎల్‌సీఏ తీసుకుని, సవరించిన హెచ్1బి పిటిషన్ వెయ్యాల్సిందే అని 2015లో సిమియో సొల్యూషన్స్ కేసులో తేల్చేశారు. ఆ పని మీ కంపెనీది. కానీ అది జరిగిందో లేదో చూసుకోవాల్సింది మీరు. "నువ్వు వెళ్లు, పేపర్లు మేం చూసుకుంటాం" అనే మేనేజర్లు చాలామంది ఉంటారు. పిటిషన్ వేసినట్టు రసీదు నంబరు చేతికొచ్చాకే కదలండి. వారంలో రెండు రోజులు ట్రైలర్‌లో కూర్చుని పనిచేస్తానంటే ఆ అడ్రస్ సంగతి కూడా లాయరుకు చెప్పండి. తనిఖీకి వచ్చే అధికారులు ఇంటి నుంచి పనిచేసేవాళ్ల దగ్గరకు కూడా వస్తున్నారు.

డబ్బు విషయంలో ఇంకో మెలిక ఉంది. ఇలాంటి ప్రాజెక్టులకు కంపెనీలు రోజువారీ భత్యం, అదే పర్ డీమ్, ఇస్తాయి. సాధారణంగా దానికి టాక్స్ ఉండదు. అయితే ఒకే చోట పని ఏడాది దాటుతుందని ముందే తెలిస్తే ఐఆర్ఎస్, అంటే అమెరికా టాక్స్ శాఖ, దాన్ని తాత్కాలికం అనుకోదు. అప్పుడు భత్యం కూడా జీతంలాగే టాక్స్ కిందకు వస్తుంది. మీది ఏడాదిన్నర. మిగులు లెక్క వేసుకునేటప్పుడు టాక్స్ పోను ఎంతో వేసుకోండి.

ఇక ఆ పార్కుల సంగతి. మా ఆయన పైప్‌లైన్ తనిఖీ పనిలో ఉండగా మేము తూర్పు టెక్సస్‌లోనూ ఆ తర్వాత ఒక్లహోమాలోనూ ఇలాగే ఉన్నాం. బయటివాళ్లు అనుకున్నట్టు అక్కడ ఉండేవాళ్లంతా ఇల్లు పోగొట్టుకున్నవాళ్లు కారు. అలాంటివాళ్లు కూడా ఉంటారు, అది దాచాల్సిన సంగతేం కాదు. కానీ మా వరసలో ట్రావెల్ నర్సులు, వెల్డర్లు, గాలిమరలు బిగించే కుర్రాళ్లు, పెన్షన్ మీద బతికే దంపతులు ఉండేవాళ్లు. మిడ్‌ల్యాండ్, ఒడెస్సా వైపు చమురు పని ఊపందుకుంటే ఈ పార్కుల అద్దెలు కూడా లేస్తాయి, తగ్గితే దిగుతాయి. చలికాలంలో ఉత్తరాది నుంచి దిగే పెద్దవాళ్లు దక్షిణ టెక్సస్‌లో సైట్లన్నీ, అంటే ట్రైలర్ పెట్టుకునే జాగాలన్నీ, పట్టేస్తారు. కాబట్టి ముందు సైట్ ఖాయం చేసుకుని, ఆ తర్వాతే ట్రైలర్ కొనండి. ట్రైలర్ కొన్నాక చోటు దొరక్కపోతే స్టోరేజీకి అద్దె కడుతూ మోటెల్‌లో ఉండాల్సి వస్తుంది. పదేళ్లు దాటిన ట్రైలర్లను రానివ్వని పార్కులు ఉన్నాయి, 55 ఏళ్లు దాటినవాళ్లకే ఇచ్చేవి ఉన్నాయి, పిల్లలుంటే ఒప్పుకోనివి కూడా ఉన్నాయి. ఇవన్నీ ఫోన్‌లోనే అడిగేయండి. ప్రభుత్వ భూముల్లో ఉచితంగా ఉండొచ్చని ఎవరైనా చెబితే నమ్మి బయల్దేరకండి. అక్కడ సాధారణంగా పద్నాలుగు రోజులకు మించి ఒకచోట ఉండనివ్వరు. పైగా పశ్చిమ టెక్సస్‌లో భూమంతా దాదాపు ప్రైవేటుదే.

సైట్ అంటే మీకు దక్కేది కంకర పరిచిన జాగా, ఒక కరెంటు పెడస్టల్ (ప్లగ్గులున్న పొట్టి స్తంభం), ఒక కుళాయి, భూమిలోంచి పైకొచ్చిన ఒక మురుగు గొట్టం. వాటి దాకా పార్కు బాధ్యత. అక్కడి నుంచి ట్రైలర్ వైపు ఉన్న ప్రతి వైరూ ప్రతి గొట్టమూ మీ బాధ్యత. అపార్ట్‌మెంట్‌లో సింక్ కారితే ఆఫీసుకు ఫోన్ చేస్తాం. ఇక్కడ ఫోన్ చేస్తే "మా కుళాయి బాగానే ఉందిగా" అంటారు. మొబైల్ ఆర్వీ మెకానిక్ ఉంటాడు, కానీ యాభై మైళ్ల నుంచి వస్తాడు, వచ్చినందుకే వంద డాలర్ల పైన తీసుకుంటాడు. స్క్రూడ్రైవర్ పట్టుకోవడం బొత్తిగా ఇష్టం లేనివాళ్లకు ఈ కాపురం నేను చెప్పను.

కరెంటు దగ్గరే మనవాళ్లు ఎక్కువ తికమక పడతారు. 30 ఆంప్ కనెక్షన్ అంటే 120 వోల్టుల మీద మొత్తం 3,600 వాట్లు. ఏసీకి సుమారు 1,500 పోతుంది, వాటర్ హీటర్ కరెంటు మీద పెడితే 1,400. ఇక ఇండక్షన్ స్టవ్ వేస్తే బ్రేకర్ పడిపోతుంది. పాప స్నానం, పప్పు కుక్కరు, ఏసీ ఒకేసారి కుదరవన్నమాట. 50 ఆంప్ అయితే 12,000 వాట్ల దాకా వస్తుంది, రెండు ఏసీలు నడుస్తాయి. మీరు వెళ్లేది పశ్చిమ టెక్సస్, అక్కడి జూలై, ఆగస్టుల్లో 50 ఆంప్ లేకుండా పసిపిల్లతో ఉండటం కష్టం. బయట 105 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉంటే ట్రైలర్ లోపల 80కి దిగడమే గొప్ప, ఎందుకంటే గోడల మందం రెండంగుళాలే. కొనేటప్పుడే 50 ఆంప్‌కి తయారైన ట్రైలర్ చూడండి. పెడస్టల్‌కీ ట్రైలర్‌కీ మధ్యలో, వోల్టేజీ పడిపోతే కరెంటు ఆపేసే రకం సర్జ్ ప్రొటెక్టర్ ఒకటి తప్పనిసరి. పల్లెటూరి పార్కుల్లో అందరూ ఏసీలు వేసిన సాయంత్రం వోల్టేజీ పడిపోతుంది. ఆ దెబ్బకు ముందు పోయేది ఏసీ కంప్రెసరే.

మురుగు గురించి చెప్పడానికి అందరూ మొహమాటపడతారు. నేను పడను, ఎందుకంటే ఇల్లాలి టెన్షన్ అంతా అక్కడే. ట్రైలర్ కింద రెండు రకాల ట్యాంకులుంటాయి. టాయిలెట్ నీళ్లు పోయేది బ్లాక్ ట్యాంక్, సింకు, స్నానం నీళ్లు పోయేది గ్రే ట్యాంక్. ఎలాగూ గొట్టం తగిలించి ఉంది కదా అని బ్లాక్ వాల్వ్ తీసి వదిలేస్తే నీళ్లు జారిపోయి గట్టిది లోపలే పేరుకుని ఎండిపోతుంది. ఆ తర్వాత దాన్ని వదిలించడం మహా కష్టం. వాల్వ్ మూసే ఉంచి, మూడింట రెండు వంతులు నిండాక ఒక్కసారిగా వదలాలి. ముగ్గురికి ఐదారు రోజులకోసారి పడుతుంది. ముందు బ్లాక్, తర్వాత గ్రే, అప్పుడు సబ్బు నీళ్లతో గొట్టం కూడా కడుక్కుంటుంది. నీళ్లు ఎంత ఎక్కువ పోస్తే బ్లాక్ ట్యాంక్ అంత ఆరోగ్యంగా ఉంటుంది. కాబట్టి మన చెంబు అలవాటు ఇక్కడ వరం. చేతి షవర్ లాంటి స్ప్రే ఒకటి బిగించుకోండి, ఆర్వీ టాయిలెట్లకు సులువుగానే అమరుతుంది. వెట్ వైప్స్ మాత్రం, డబ్బా మీద ఏం రాసి ఉన్నా, వెయ్యొద్దు.

గ్రే ట్యాంక్‌కి శత్రువు మన వంటిల్లు. నూనె, చింతపండు పిప్పి, బియ్యం కడిగిన నీళ్లు, కరివేపాకు రెమ్మలు అన్నీ అందులో చేరితే వేసవిలో మూడో రోజుకే సింకులోంచి వాసన కొడుతుంది. గిన్నెలు ముందు పేపర్ టవల్‌తో తుడిచి అప్పుడు కడగాలి. సింక్‌కి సన్నని జల్లెడ పెట్టాలి. బియ్యం, పప్పులు కడిగిన నీళ్లు బకెట్‌లో పట్టి, పార్కువాళ్లు ఒప్పుకుంటే బయట చెట్టుకు పోయండి. పోపు ఘాటుకు పొగ అలారం మోగుతుంది, మోగిందని బ్యాటరీ తీసేయొద్దు. ట్రైలర్ అంటుకుంటే కాలిపోవడానికి నిమిషాలు చాలు. కిటికీ తెరిచి, పైకప్పు ఫ్యాన్ వేసి పోపు పెట్టండి. వేపుళ్లు, దోసెలు బయట అవుట్‌డోర్ స్టవ్ మీద చేసుకోవచ్చు. మేం సాయంత్రం బయట దోసెలు వేస్తుంటే పక్క సైట్ల వాళ్లు పలకరించేవాళ్లు, ఒకావిడైతే తన పెనం కూడా పట్టుకుని వచ్చింది. దేవుడి దీపానికి బ్యాటరీ దీపం వాడండి, దేవుడు ఏమీ అనుకోడు.

సరుకుల సంగతి సరే, ఇండియన్ స్టోర్ రెండు మూడు గంటల దూరంలో ఉంటుంది. నెలకోసారి వెళ్లి తెచ్చుకోవడమే. కరివేపాకు కడిగి ఆరబెట్టి ఫ్రీజర్‌లో పెట్టుకోండి. అయితే అన్నీ స్టీలు డబ్బాల్లోనో మందపాటి ప్లాస్టిక్ డబ్బాల్లోనో పొయ్యాలి. పొలాల మధ్య పార్కుల్లో మొదటి చలిగాలి వీచగానే ఎలుకలు లోపలికి దూరతాయి. వాటికి బియ్యం సంచీ మహా ఇష్టం. నేల కింద గొట్టాలు, వైర్లు వచ్చే కంతలన్నీ స్టీల్ ఊల్ కుక్కి మూసేయండి.

పశ్చిమ టెక్సస్‌లో చలి ఏముంటుంది అనుకోకండి. 2021 ఫిబ్రవరి తుఫానప్పుడు టెక్సస్‌లో లక్షల ఇళ్లకు కరెంటు పోయి, ఇళ్లల్లోనే పైపులు పగిలాయి. ట్రైలర్ పైపులు ఇంకా ముందే గడ్డకడతాయి. కుళాయి గొట్టానికి హీటెడ్ హోస్ కొనండి, ట్రైలర్ కింద ఖాళీ కనబడకుండా చుట్టూ స్కర్టింగ్ కట్టండి. హీటర్ నడిచేది ప్రొపేన్ మీద, గట్టి చలి రోజుల్లో 30 పౌండ్ల సిలిండర్ రెండు మూడు రోజుల్లో అయిపోతుంది. మూడు శ్వాసలు, వంట ఆవిరి కలిసి కిటికీల మీద చెమ్మ పట్టి పరుపు కింద బూజు వస్తుంది. అందుకే చిన్న డీహ్యూమిడిఫయర్ ఒకటి దగ్గర ఉండాలి. ఇక గాలి. మధ్యాహ్నం నిశ్శబ్దంగా ఉన్నట్టే ఉండి సాయంత్రానికి ఎడారి దుమ్ముతో లేస్తుంది. ఇంట్లో లేనప్పుడు ఆనింగ్ (తలుపు ముందు వాల్చే గుడ్డ పందిరి) చుట్టి పెట్టకపోతే అది విరిగి ట్రైలర్ మీదే పడుతుంది.

అసలు ప్రమాదం వానా, సుడిగాలీ. ట్రైలర్ ఎంత ఖరీదైనదైనా టోర్నడోకి రక్షణ కాదు. చేరిన రోజే మేనేజర్‌ని "షెల్టర్ ఎక్కడ" అని అడగండి. చాలా పార్కుల్లో కాంక్రీటు ఇటుకలతో కట్టిన బాత్‌హౌసే షెల్టర్. రాత్రి ఫోన్ సిగ్నల్ మీద ఆధారపడకుండా ప్రభుత్వ వాతావరణ హెచ్చరికలు వినిపించే నోవా వెదర్ రేడియో ఒకటి కొని మీ కౌంటీకి సెట్ చేసుకోండి, నలభై డాలర్లు కూడా కాదు. ఏటి ఒడ్డున సైట్ అందంగా ఉంటుంది, ఇస్తామన్నా వద్దనండి. 2025 జూలై 4 తెల్లవారుజామున కెర్ కౌంటీలో గ్వాడలూప్ నది ముప్పావు గంటలో ఇరవై అడుగులకు పైగా లేచి ఒడ్డునున్న క్యాంపులను, ఆర్వీ పార్కులను ఊడ్చుకుపోయింది. ఆ వరదల్లో వందమందికి పైగా చనిపోయారు. ఎండిపోయిన వాగు పక్కన కూడా అదే జాగ్రత్త. ఇంకోటి, 911కి ఫోన్ చేస్తే చెప్పాల్సిన కౌంటీ రోడ్డు పేరూ సైట్ నంబరూ కాగితం మీద రాసి తలుపు పక్కన అతికించండి. కంగారులో మీ ఆవిడకు గుర్తు రాకపోవచ్చు. అంబులెన్సు అరగంట పట్టినా ఆశ్చర్యపోకండి.

అడ్రస్ గురించి అడిగారు. మకాం మారిన పది రోజుల్లో ఇమిగ్రేషన్ వాళ్లకు అడ్రస్ మార్పు ఫారం, అదే ఏఆర్-11, ఆన్‌లైన్‌లో పెట్టాలి, మీకూ మీ ఆవిడకూ పాపకూ విడివిడిగా. అందులో మీరు నిజంగా ఉండే చోటే రాయాలి, పీవో బాక్స్ కుదరదు. ఉత్తరాలకు మాత్రం చాలా పార్కుల్లో విడి పెట్టెలు ఉండవు. ఆఫీసు బల్ల మీద కుప్ప పోస్తారు, కొన్ని పార్కులు అసలు తీసుకోవు. ఊరి పోస్టాఫీసులో ఒక బాక్స్ తీసుకోండి, ఇమిగ్రేషన్ వాళ్ల ఫారంలో మెయిలింగ్ అడ్రస్ వేరే గడిలో అది రాయండి. సౌత్ డకోటాలో ఒక రాత్రి పడుకుని అక్కడి లైసెన్స్ తీసుకుంటే స్టేట్ ఇన్‌కమ్ టాక్స్ ఉండదని ట్రైలర్ వాళ్లు చెబుతుంటారు. టెక్సస్‌లోనూ అది లేదు కాబట్టి మీకు దాంతో పని లేదు. పైగా వీసా మీద ఉన్నవాళ్లు ఉండేది ఒకచోట, కాగితం మీద ఒకచోట అన్న కథలోకి దిగకూడదు.

పాప బడికి ఇబ్బంది ఉండదు. సెప్టెంబరు 1కి ఐదేళ్లు నిండితే టెక్సస్‌లో కిండర్‌గార్టెన్‌లో చేర్చుకుంటారు. సైట్ అద్దె ఒప్పందం మీ పేరు మీద ఉంటే నివాస రుజువుగా చూపించండి, అందుకే దాన్ని నోటిమాటగా వదలకుండా కాగితం మీద రాయించుకోండి. బస్సు పార్కు గేటు దాకా వస్తుందేమో స్కూల్ డిస్ట్రిక్ట్‌ని అడగండి. వేరే ఇల్లు దొరక్క క్యాంపుగ్రౌండ్లలో ఉండాల్సి వచ్చిన పిల్లలను కాగితాలు లేవన్న కారణంతో ఆపకుండా వెంటనే చేర్చుకోవాలని 1987 నాటి మెకినీ-వెంటో చట్టం చెబుతుంది. మీ విషయంలో అంతదాకా రాకపోవచ్చు కానీ, ఆఫీసులో ఎవరైనా "ట్రైలర్‌లో ఉంటారా" అని ముఖం చిట్లిస్తే ఆ పేరు ఎత్తండి.

మీ ఆవిడకు ఒక మాట. కొన్నాళ్లకు పార్కు మేనేజరమ్మ మంచిదయ్యి, "పగలంతా ఖాళీయే కదా, బాత్‌హౌస్ చూసుకుంటే సైట్ అద్దె వదిలేస్తాం" అంటుంది. అమెరికన్లు చాలామంది ఇలాగే నడుపుకుంటారు. హెచ్4 మీద, అంటే హెచ్1బి వాళ్ల భార్యాపిల్లలకిచ్చే వీసా మీద, ఉండి వర్క్ పర్మిట్ లేనివాళ్లకు అది కుదరదు. డబ్బు చేతికి రాకపోయినా అద్దె మాఫీ జీతమే, వర్క్ పర్మిట్ లేకుండా చేస్తే స్టేటస్‌కే ముప్పు. హెచ్1బి మీద మీకూ అంతే. నవ్వుతూ "మా వీసా ఒప్పుకోదు" అని చెప్పండి, వాళ్లు తప్పుగా అనుకోరు.

ట్రైలర్ కొత్తది కొనకండి. ఏడాదిన్నరకి కొత్త బండి విలువ పడిపోయేదే మీరు మిగిల్చేదానికంటే ఎక్కువ. పైగా చాలా కంపెనీల వారంటీలో ఏడాది పొడవునా కాపురం ఉంటే చెల్లదని సన్న అక్షరాల్లో ఉంటుంది. నాలుగైదేళ్ల వయసున్న ట్రావెల్ ట్రైలర్, పాపకు బంక్ మంచం ఉన్నది చూడండి. మూలల దగ్గర గోడను అరచేత్తో నొక్కండి. మెత్తగా దిగితే లోపల నీళ్లు దూరి చెక్క కుళ్లిందని అర్థం, ధర ఎంత తగ్గించినా వద్దు. నిచ్చెనెక్కి పైకప్పు సీలెంట్ చూడండి, టైరు మీద డీవోటీ నంబరులో చివరి నాలుగంకెలు చూడండి, తయారైన వారం, సంవత్సరం అవే. ట్రైలర్ ధరలో ఒక చిన్న వంతు పెట్టి స్వతంత్ర ఆర్వీ ఇన్‌స్పెక్టర్‌తో తనిఖీ చేయించండి. లాగడానికి పెద్ద ట్రక్కు కొనే పని లేదు, మైలుకింత అని తీసుకుని తెచ్చి నిలబెట్టేవాళ్లుంటారు. ఇన్సూరెన్స్ "ఫుల్‌టైమర్" పాలసీయే తీసుకోండి. మామూలు ఆర్వీ పాలసీ సెలవులకు వాడేవాళ్లది, మీ మెట్టు మీద ఎవరైనా జారిపడితే అది ఆదుకోదు. లోన్ తీసుకుంటే అందులోనే కాపురం ఉంటామని బ్యాంకుకు ముందే చెప్పండి, కొన్ని బ్యాంకులు ఒప్పుకోవు.

సైట్ అద్దె పల్లెల్లో ఊరిని బట్టి నెలకు 450 నుంచి 900 డాలర్ల దాకా ఉంటుంది. నెలవారీగా ఉండేవాళ్లకు కరెంటు మీటరు విడిగా వేస్తారు, వేసవిలో అది గట్టిగానే వస్తుంది. ప్రొపేన్, ఇన్సూరెన్స్, ఇంటర్నెట్ కలిపినా డాలస్ రెండు బెడ్‌రూముల అద్దెకంటే తక్కువే. పార్కు వైఫై మీద పని పెట్టుకోకండి. స్టార్‌లింక్ శాటిలైట్ ఇంటర్నెట్ పెట్టుకుంటే ఉత్తరం వైపు ఆకాశం చెట్లు అడ్డు లేకుండా ఉన్న సైట్ అడగండి.

మొదటి నెల మీరొక్కరే వెళ్లండి. ట్రైలర్ ఎక్కడ కారుతుందో, బ్రేకర్ ఎప్పుడు పడుతుందో తెలిశాక వాళ్లను తీసుకెళ్లండి. మామగారిని కూడా రమ్మనండి, కాకపోతే నవంబరులోనో మార్చిలోనో. వేడినీళ్ల ట్యాంక్ ఆరు గ్యాలన్లే, ఆయనకు తలస్నానం ఆదివారం బాత్‌హౌస్‌లో. ఇనుప మెట్లు ఊగుతాయి, పట్టుకోవడానికి చేతికడ్డీ బిగించండి.

చివర్లో అమ్మే సంగతి ఇప్పుడే ఆలోచించుకోండి. మార్చి, ఏప్రిల్‌లో సెలవుల కోసం కొనేవాళ్లు తిరుగుతారు, ధర బాగా వస్తుంది. చలికాలంలో అమ్మాల్సి వస్తే బేరం వాళ్ల చేతిలో ఉంటుంది. మీ తర్వాత వచ్చే ఉద్యోగికే నిలబడ్డ చోటే అమ్మగలిగితే అన్నిటికన్నా నయం. కొన్ని పార్కులు మాత్రం అమ్మిన ట్రైలర్ కదిలి తీరాలంటాయి, ఒప్పందంలో ఆ షరతు ఉందో లేదో సంతకం పెట్టేటప్పుడే చదవండి. ఖాళీ చేసేముందు ఎన్ని రోజుల నోటీసు ఇవ్వాలో కూడా అక్కడే ఉంటుంది. టైటిల్, అంటే ట్రైలర్ మీదేనన్న పత్రం, ఇద్దరి పేర్ల మీదా తీసుకుంటే అమ్మే రోజు ఇద్దరి సంతకాలూ కావాల్సి రావచ్చు. ఆ సమయానికి మీ ఆవిడ ఇండియాలో ఉంటే అమ్మకం ఆగిపోవచ్చు.